పిల్లలకు ప్లాట్‌ఫాం బెంచీ, మనకు కల్యాణ మండపం

ఎప్పటి మాదిరే కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు కూడబలుక్కొని నేర్చింది రైల్వే నుంచి రిటైరయినాక. తప్పులుంటే దిద్దండి. విషయాన్ని మాత్రం దాటేసి పోవద్దండి.

పోయిన సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్ళకు గుర్తుంటుంది. మూడు విషయాలు ముందుకు వచ్చినాయి. మొదటిది మండపానికి పెయింటు. రెండోది వంటశాలకు కొత్త గ్రైండరు. మూడోది మేడ మీద గది బీగంచెవి. మొదటి రెండింటికీ పది నిమిషాల్లో చేతులెత్తినాము. వేలల్లో ఖర్చయ్యే పనులు అవి. మూడోదానికి పైసా ఖర్చు లేదు. దాన్ని మాత్రం "తరువాత చూద్దాము" అని పక్కన పెట్టినాము. వద్దు అని ఎవరూ అనలేదు. వద్దు అనడానికి కూడా ధైర్యం కావాల గదా! ముప్పై ఆరు సంవత్సరాలు గుమాస్తా పని చేసినవాళ్ళము, ఫైలు మీద "తరువాత" అని రాస్తే ఆ ఫైలు ఎక్కడికి పోతుందో మాకు బాగా తెలుసు.

రానివాళ్ళ కోసం చెప్తున్నాము. మన ఇండ్లలోనే, మనసు జబ్బుతో మందులు వేసుకొంటున్న పిల్లలు కొందరు ఉన్నారు. అందరూ పద్దెనిమిది దాటి ముప్పై లోపలి వయసు వాళ్ళు. ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఆ గదిలో కూర్చొని ఒకరితో ఒకరు మాట్లాడుకొంటాము, చోటు ఇవ్వండి అని అడిగినారు. కుర్చీలు వాళ్ళే వేసుకొంటారు, వాళ్ళే తీస్తారు. టీ కూడా అడగలేదు. అదీ మనం "తరువాత" అన్న విషయం.

ఇక మా ఇంటి సంగతి. ఇది రాయకుండా మిమ్మల్ని అడిగే హక్కు మాకు లేదు.

మా అన్న కొడుకు. పేరు రాయము. వాణ్ణి అడిగే రాస్తున్నాము. "రాయండి చిన్నాయనా, పేరు మాత్రం వద్దు. నాకేం లేదు, చెల్లెలి పెళ్ళి కావాల" అన్నాడు. సేలంలో ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో ఉద్యోగంలో చేరిన పిల్లవాడు. ఇరవైమూడో ఏట మొదట నిద్ర పోయింది. తరువాత ఎవరూ లేనప్పుడు చెవిలో గొంతులు వినబడినాయి. పక్క సీటువాళ్ళు తన గురించే గుసగుసలాడుతున్నారని ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేసినాడు.

మేము ఏం చేసినాము? ఊరందరికీ "వర్క్ ఫ్రం హోం" అని చెప్పినాము. జాతకం చూపించినాము. అదియమాన్‌కోట్టై కాలభైరవుని దగ్గర గుమ్మడికాయ దీపం పెట్టినాము. దీపం పెట్టింది తప్పనడం లేదు, ఇప్పటికీ పెడుతున్నాము. దీపంతోనే నిలిపేసింది తప్పు. ఎవరో చెప్పినారని ఒక చోట వదిలి వచ్చినాము. నలభైఎనిమిది రోజులుంటే నయమవుతుంది అన్నారు. పదకొండో రోజు చూడబోతే పిల్లవాడి కాలికి గొలుసు. ఇట్లా రెండేండ్లు పోయినాయి. ఆ రెండేండ్లూ తీసుకొన్నది జబ్బు కాదు, మేము.

తరువాత డాక్టరు దగ్గరికి పోయినాము. మందు పని చేసింది. ఇది గట్టిగా చెప్తున్నాము, ఎందుకంటే ఈ వ్యాసం చదివి ఎవరూ మందు మానకూడదు. గొంతులు తగ్గినాయి, నిద్ర పట్టింది. కాని మావాడు మాకు తిరిగి రాలేదు. బరువు పద్నాలుగు కిలోలు పెరిగినాడు. మధ్యాహ్నం దాకా మత్తు. తలుపు వేసుకొని కూర్చొనేవాడు. కాలేజీ స్నేహితులు ఫోన్ చేయడం మానేసినారు. మేము రోజూ బుద్ధులు చెప్పేవాళ్ళము. పొద్దున్నే లే, నడువు, మనసు దిటవు చేసుకో, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? వాడు అన్నిటికీ "సరే చిన్నాయనా" అనేవాడు.

వాణ్ణి ఆ గదిలోంచి బయటికి తెచ్చింది మేము కాదు. మందుల వరుసలో ముందు నిలబడిన ఇంకో పిల్లవాడు. కృష్ణగిరి పక్క పల్లె, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. మావాడి చేతిలో చీటీ చూసి, "అన్నా, ఈ మాత్ర నాకూ ఇచ్చినారు. పొద్దున లేయలేక ఏడ్చినా. డాక్టరమ్మకు చెప్తే వేసుకొనే టైము మార్చినారు. నువ్వూ అడుగన్నా" అన్నాడట. అంతే. అప్పటికి మూడేండ్లుగా వాడికి బుద్ధి చెప్పినవాళ్ళు, జాలిపడినవాళ్ళు, భయపడినవాళ్ళు వంద మంది ఉంటారు. "నాకూ" అన్నవాడు ఇతనొక్కడే.

ఇద్దరూ ఆ తరువాత ఒకే రోజు ఆస్పత్రికి పోవడం మొదలుపెట్టినారు. ఇద్దరు నలుగురైనారు. ఇప్పుడు ఏడుగురు, అందులో ఇద్దరు ఆడపిల్లలు. వీళ్ళు ఎక్కడ కలుస్తారో తెలుసా? ధర్మపురి రైల్వే స్టేషన్లో, ప్లాట్‌ఫాం చివరి బెంచీలో. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్టు కొని కూర్చొంటారు. ఆ టికెట్టు చెల్లేది రెండు గంటలు. గడియారం చూసుకొని లేచి వస్తారు. టీ కొట్టులో మాట్లాడితే పక్క బల్లవాడు వింటాడు. ఇంట్లో మాట్లాడితే తలుపు వెనక అమ్మ నిలబడి ఉంటుంది. ప్లాట్‌ఫాంలో ఎవరి పెట్టె వాళ్ళకు, ఎవరి బండి వాళ్ళకు, ఎవరూ ఎవరినీ చూడరు. మేము జీవితమంతా స్టేషన్లలో గడిపినాము. పోయే చోటు లేనివాళ్ళు కూర్చొనే బెంచీ ఏదో మాకు తెలుసు. మన చందాలతో కట్టిన మండపం వారంలో అయిదు రోజులు బీగం వేసి ఉంటుంది. మన పిల్లలు టికెట్టు కొని స్టేషన్లో కూర్చొంటారు.

ఇక మన వాళ్ళు మండపం మెట్ల మీద, వాట్సాప్‌లో, పక్కకు పిలిచి చెప్పిన మాటలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్తాము.

మొదటి మాట: "సంబంధాలు తప్పిపోతాయి."

ఇదే అసలు మాట, మిగతావన్నీ దీనికి ముసుగులు. మన మండపంలో పైత్యం పట్టినవాళ్ళ సంఘం నడుస్తుందని తెలిస్తే మన పిల్లలకు సంబంధం ఎవరిస్తారు అంటున్నారు. అయ్యా, ఇప్పుడు దాచి చేస్తున్న పెళ్ళిళ్ళు ఏమవుతున్నాయో మనకు తెలియదా? పెళ్ళి చేస్తే కుదురుకొంటాడు అని చెప్పి చేస్తాము. పెళ్ళి హడావిడిలో నిద్ర చెడుతుంది. కొత్త కోడలికి తెలియకూడదని మాత్రలు దాస్తాము, మాత్రలు తప్పుతాయి. మూడో నెలలో ఆ పిల్ల ఏడుస్తూ పుట్టింటికి పోతుంది. అప్పుడు రెండు ఇండ్లూ మనవే, పంచాయితీకి కూర్చొనేది మనమే. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం, ముఖ్యమైన విషయం దాచి మోసంతో చేసిన పెళ్ళిని రద్దు చేయమని అవతలివాళ్ళు కోర్టుకు పోవచ్చు. సంబంధం తప్పడం కంటే అది ఎక్కువ మర్యాదా? షుగరు ఉన్నవాడు షుగరు ఉందని చెప్పి పెళ్ళి చేసుకొంటాడు. మందు వేసుకొంటూ పని చేసుకొంటూ ఉన్న పిల్లవాడు అదే విధంగా చెప్పుకొనే రోజు రావాలంటే, ముందు ఎవరో ఒకరి ముందు నోరు తెరిచి అలవాటు చేసుకోవాల. ఆ ఎవరో ఒకరే ఈ ఏడుగురు.

రెండో మాట: "పిచ్చోళ్ళంతా ఒక చోట చేరితే ఒకరిది ఒకరికి ఎక్కుతుంది."

తమిళంలో పైత్యం అంటే పిచ్చి. మన తెలుగులో పైత్యం అంటే పిత్తం, కడుపులో తిప్పడం, తల తిరగడం. మాట ఒకటే. ఆ పేరు పెట్టిన కాలంలో మన పెద్దలు దీన్ని పిత్తం చెడితే వచ్చే ఒంటి జబ్బు అనుకొన్నారు, కషాయం ఇచ్చినారు. తిట్టుగా మార్చుకొన్నది మనం. చెన్నైవాళ్ళకు "కీళ్పాక్కం" తిట్టు, హైదరాబాదువాళ్ళకు "ఎర్రగడ్డ" తిట్టు, మనకు నిమ్హాన్స్ తిట్టు. వైద్యం చేసే ఆస్పత్రి పేర్లను తిట్లుగా వాడుకొన్న మనుషులము మనం. క్యాన్సర్ ఆస్పత్రి పేరు పెట్టి ఎవరినైనా తిడతామా?

ఇది అంటుకొనే జబ్బు కాదు. నిజంగా జాగ్రత్త పడవలసింది ఒకటి ఉంది, దాన్ని మేము దాచము. ఒకరు చచ్చిపోవాలని ఉంది అంటే వినేవాళ్ళకు బరువు అవుతుంది. దానికి పద్ధతి కావాల. ఆ పద్ధతి ఏమిటో కింద రాస్తాము. పద్ధతి లేకుండా ఒంటరిగా గదిలో ఉండడమే ఇప్పుడు జరుగుతున్నది. అది ఎంత భద్రం?

మూడో మాట: "డాక్టర్లు ఉన్నారు గదా, ఇంకా ఇదెందుకు?"

ఉన్నారు, ఎంతమంది? మన దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేడు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది, మన ఊళ్ళో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, పోయేవాళ్ళు పోతున్నారు. డాక్టరు నెలకొకసారి చూస్తాడు, వెనక వరుస ఉంటుంది, అయిదు నిమిషాలు దొరికితే అదృష్టం. మిగిలిన ఇరవైతొమ్మిది రోజులు ఎవరు చూస్తారు? 2015-16లో నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో సర్వే చేసింది, మన తమిళనాడు కూడా అందులో ఉంది. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మనసు జబ్బుతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి నూటికి డెబ్బై నుంచి తొంభైరెండు మందికి వైద్యం అందలేదు. మన సంఘం లెక్క మీరే వేసుకోండి. పంక్తిలో వంద మంది భోజనానికి కూర్చొంటే పది మంది. ఆ పదిలో ఏడెనిమిది మంది నోరు తెరవరు, ఆస్పత్రి గడప తొక్కరు.

ఇంకో సంగతి. అమెరికాలో 2005లో వచ్చిన పెద్ద సర్వే ప్రకారం ఈ జబ్బుల్లో సగం పద్నాలుగేండ్ల లోపల, ముప్పాతిక భాగం ఇరవైనాలుగేండ్ల లోపల మొదలవుతాయి. అంటే చదువు, ఉద్యోగం, పెళ్ళి అని మనం లెక్కలు వేసే వయసులోనే. మన లెక్కకు అడ్డం వస్తుందని దాస్తాము.

నాలుగో మాట: "మనం పెద్దవాళ్ళము లేమా, మనం మాట్లాడమా?"

మాట్లాడినాము. మా అన్న కొడుకుతో మూడేండ్లు మాట్లాడినాము. ఫలితం పైన రాసినాము. మనం చెప్పలేనివి ఎన్నో ఉన్నాయి. బయోడేటాలో రెండేండ్ల ఖాళీని అడిగితే ఇంటర్వ్యూలో ఏమని చెప్పాల? మాత్ర వేసుకొంటే చెయ్యి వణుకుతుంది, పెండ్లి పంక్తిలో నీళ్ళ గ్లాసు ఎట్లా పట్టుకోవాల? గొంతు వినబడేటప్పుడు బస్సులో ఉంటే ఏం చేయాల? రాత్రి షిఫ్టు ఉద్యోగం వస్తే ఒప్పుకోవాలా, వద్దా? వీటికి జవాబు పెద్ద చదువు చదివినవాళ్ళ దగ్గర కూడా సగమే ఉంటుంది. మిగతా సగం ఆ దారిన నడిచినవాడి దగ్గర ఉంటుంది. రైలు పట్టా ఎక్కడ కుంగిందో ఆఫీసులో కూర్చొన్న మాకు తెలిసేది కాదు. రోజూ దాని మీద నడిచే కీమన్‌కు తెలిసేది. అతను చెప్తే మేము రాసుకొనేవాళ్ళము.

భాష సంగతి కూడా చెప్పాల. మన పిల్లలు బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. బెంగళూరు ఆస్పత్రికి పోతే కన్నడం. ఇంట్లో మాత్రం తెలుగు. మనసులో గొంతు తిట్టేటప్పుడు ఏ భాషలో తిడుతుందని మావాణ్ణి ఒకసారి అడిగినాము. "తెలుగులోనే చిన్నాయనా, మన అవ్వ మాట్లాడే తెలుగులో" అన్నాడు. ఆ తెలుగులో వినేవాళ్ళు ఏ ఆస్పత్రి వరుసలో దొరుకుతారు? అదృష్టం ఉంటే ఒకరు. మన సంఘం పెట్టిందే ఆ భాష కోసం, ఆ మనుషుల కోసం కదా. ఉగాదికి పచ్చడి పంచడానికి మాత్రమేనా?

అయిదో మాట: "ఆడపిల్లలు మగపిల్లలు కలిసి కూర్చొంటారా?"

ఆ ఇద్దరు ఆడపిల్లలనే అడిగినాము. వాళ్ళకు వేరే గంట కావాలంటే వేరే గంట. మన సభ్యురాలు, రిటైరయిన నర్సమ్మ ఒకరు, కింద వరండాలో కూర్చొంటాను, గది లోపలికి రాను అని ఒప్పుకొన్నారు. ప్లాట్‌ఫాంలో చీకటి పడేదాకా కూర్చొంటే అడగని మనం, మండపంలో కూర్చొంటామంటే అడుగుతున్నాము.

ఆరో మాట: "చెయ్యండి, మంచిదే. మండపంలో మాత్రం వద్దు."

అంటే ఊరి బయట చెయ్యండి అని. ఊరి బయట చేస్తే ఏమవుతుందో తమిళనాడు ఒకసారి చూసింది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొని ఇరవైఎనిమిది మంది కాలిపోయినారు. కాళ్ళకు గొలుసులు ఉన్నందున పరుగెత్తలేకపోయినారు. వాళ్ళందరినీ అక్కడ వదిలి వచ్చింది ఎవరు? మన మాదిరి ఇండ్లవాళ్ళే. కోపంతో వదలలేదు, "నలుగురికీ తెలియకూడదు" అని వదిలినారు. మా అన్న కొడుకు కాలి గొలుసు చూసిన రోజు మాకు ఏర్వాడి గుర్తొచ్చింది. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది. మనసు జబ్బు ఉన్నవాడికి సమాజంలో అందరితో పాటు బ్రతికే హక్కు ఉందని రాసింది. ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మనసు జబ్బుకూ ఇన్సూరెన్సు ఇవ్వాలని రాసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని ఇరవైఒక్క రకాల్లో మనసు జబ్బు ఒకటి. ఢిల్లీలో చట్టం మారింది. ధర్మపురిలో మండపం మేడ గది మారలేదు.

మా డిపార్టుమెంటును కూడా వదలము. మేము కౌంటర్లో కూర్చొన్న కాలంలో క్యాన్సర్, టీబీ, గుండె ఆపరేషన్, కిడ్నీ రోగులకు టికెట్టులో కన్సెషన్ ఉండేది. బుద్ధి ఎదగనివాళ్ళకు ఉండేది. డిప్రెషన్‌తోనో, గొంతులు వినబడే జబ్బుతోనో బెంగళూరు ఆస్పత్రికి నెలనెలా పోయేవాడికి ఆ పట్టికలో వరుస లేదు. అన్ని సంవత్సరాల్లో "మాకెందుకు లేదు" అని అడిగినవాడు ఒక్కడు కూడా రాలేదు. అడగాలంటే జబ్బు పేరు కౌంటరు ముందు గట్టిగా చెప్పాల గదా.

సాటివాళ్ళ తోడు అంటే ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకొంటున్నారు. 1935లో అమెరికాలో అక్రన్ అనే ఊళ్ళో ఇద్దరు తాగుబోతులు ఒకరి కథ ఒకరు చెప్పుకొన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అట్లా పుట్టింది. ఈ రోజు మన తమిళనాడు ఊళ్ళలో కూడా వాళ్ళ మీటింగులు జరుగుతున్నాయి. 1940లలో న్యూయార్కులో పిచ్చాస్పత్రి నుంచి బయటికి వచ్చిన కొందరు "మేము ఒంటరివాళ్ళం కాదు" అనే పేరుతో గుంపు కట్టినారు. దాని నుంచి 1948లో ఫౌంటెన్ హౌస్ వచ్చింది, అది ఇప్పటికీ నడుస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇట్లాంటి గుంపులు ఎట్లా నడపాలో పుస్తకమే వేసింది.

అంత దూరం ఎందుకు? మన పక్కనే చూడండి. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్ గారు హెచ్.ఐ.వి.ని మన దేశంలో మొదట బయటపెట్టినప్పుడు, ఆ జబ్బు పేరు ఎత్తితే ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళు. మన లారీల దారి అంతా భయం. ఆ జబ్బు ఉన్నవాళ్ళు 1997లో తమ సంఘం తామే పెట్టుకొన్నారు. 1998లో ఆడవాళ్ళు వేరేగా పెట్టుకొన్నారు, దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో నామక్కల్‌కు చెందిన కౌసల్య గారు ఒకరు. పేరు చెప్పి, ముఖం చూపించి నిలబడినారు. మందు వచ్చింది, నిజమే. ఆ మందు కోసం వరుసలో నిలబడే ధైర్యం సాటివాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. అంత సిగ్గు జబ్బుకే సంఘం కట్టగలిగిన తమిళనాడులో, మనకు ఒక గది ఇవ్వడానికి చేతులు రాలేదు.

మనసు జబ్బులోనూ మన రాష్ట్రం వెనకబడినది కాదు. డాక్టర్ శారదా మేనన్ గారు 1984లో చెన్నైలో స్కార్ఫ్ సంస్థను మొదలుపెట్టినారు. 1993లో మొదలైన బాన్యన్ సంస్థ, నయమైన ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు అద్దె ఇంట్లో బ్రతికే ఏర్పాటు చేస్తున్నది. వండుకొంటారు, గొడవపడతారు, సినిమాకు పోతారు. వీధిలో ఇల్లే ఇస్తున్నారు, మనం రెండు గంటలు గది ఇవ్వలేమా?

సాటివాళ్ళ తోడుతో జబ్బు పోతుందని మేము అనము. మందుకు బదులు ఇది అని ఎవరైనా అంటే నమ్మవద్దండి. పిల్లలే పద్ధతులు రాసుకొన్నారు, మాకు చూపించినారు. మీకూ చెప్తున్నాము.

గదిలో విన్నది గదిలోనే ఉండాల. ఎవరూ ఎవరి మందునూ మార్చమని, మానమని చెప్పకూడదు, డాక్టరును అడుగు అని మాత్రమే చెప్పాల. అడగనిదే సలహా ఇవ్వకూడదు. మాట్లాడకుండా ఊరికే కూర్చొని పోవచ్చు. ఫోటో వద్దు, వాట్సాప్ గ్రూపులో ప్రకటన వద్దు. ఉపన్యాసం చెప్పే పెద్దలు, సంబంధాలు చూసే బ్రోకర్లు లోపలికి రాకూడదు. ఎవరైనా చచ్చిపోవాలని ఉంది అంటే వాళ్ళను ఒంటరిగా పంపకూడదు, ఇంటివాళ్ళను పిలవాల, ఆస్పత్రికి తోడు పోవాల, 14416కు ఫోన్ చేయాల. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు, రాత్రి పగలు పని చేస్తుంది, డబ్బు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు ఇప్పుడే మీ ఫోన్లలో రాసుకోండి, మా మాటతో ఒప్పుకోకపోయినా సరే.

మేము మన సంఘంలో ఎన్నో రూల్సు రాసినాము. ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాయలేదు.

ఆఖరుగా ఒక్క సంగతి. రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించినాము. కొన్ని సంవత్సరాల కింద మన వాళ్ళ ఇంట్లో ఒక బిడ్డ చనిపోయింది. ఏ ఇల్లో రాయము, ఎవరూ అడగవద్దు. మనమంతా పోయినాము. బయటికి వచ్చి ఏమని చెప్పుకొన్నాము? కడుపునొప్పి. తమిళ పేపరులోనూ కడుపునొప్పే, మన నోటిలోనూ కడుపునొప్పే. 2022లో ఒక్క సంవత్సరంలో తమిళనాడులో 19,834 మంది ఆత్మహత్య చేసుకొన్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. రోజుకు యాభై నాలుగు మంది. మహారాష్ట్ర తరువాత దేశంలో మనమే. అందులో ఎన్ని ఇండ్లలో కడుపునొప్పి అని చెప్పి ఉంటారో!

ఆ బిడ్డకు ఆదివారం సాయంత్రం పోయి కూర్చొనే చోటు ఒకటి ఉండి ఉంటే బ్రతికి ఉండేది అని మేము చెప్పలేము. అట్లా చెప్పడం ఆ తల్లిదండ్రులకు అన్యాయం. కాని చోటు లేదని మాత్రం మాకు తెలుసు. ఆ చోటు ఇవ్వగలిగినవాళ్ళము మనమే అని కూడా తెలుసు. కర్మకాండకు మండపం ఉచితంగా ఇచ్చినాము.

వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని మళ్ళీ పెట్టమని కార్యదర్శి గారికి రాసి ఇచ్చినాము. ఈసారి "తరువాత" అనవద్దండి. వద్దనుకొంటే లేచి నిలబడి వద్దు అనండి, కారణం చెప్పండి, మినిట్స్ పుస్తకంలో రాయిస్తాము. మీ మనవలు రేపు చదువుకొంటారు. సరే అనుకొంటే చెయ్యి ఎత్తండి. ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉన్నవాళ్ళు చెయ్యి ఎత్తితే తెలిసిపోతుందని భయపడవద్దండి. అందరం ఎత్తితే ఎవరి ఇంట్లో ఉందో ఎవరికీ తెలియదు.

కింద మీ అభిప్రాయం రాయండి. మమ్మల్ని తిట్టాలంటే తిట్టండి, ఓర్చుకొంటాము. ఏ ఇంటి పేరూ, ఏ బిడ్డ పేరూ మాత్రం రాయవద్దండి.

అంతదాకా వాళ్ళు స్టేషన్లోనే కలుస్తారు. పోయిన ఆదివారం వాన వచ్చింది. చివరి బెంచీకి పైకప్పు లేదు. ఏడుగురూ పార్సెల్ ఆఫీసు గోడ పక్కన నిలబడి మాట్లాడుకొని, రెండు గంటలయినాక ఇంటికి పోయినారట.